పెద్ద వింగ్ కొంటే భద్రత ఎక్కువా? ఒకే సిలిండర్‌తో దిగే డైవర్‌కు నా సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు కరీంనగర్‌లో ఉంటారు, అండమాన్‌లో రెండు కోర్సులు పూర్తి చేశారు, ఇప్పటికి 28 డైవులు అయ్యాయి. మీ బరువు 76 కిలోలు. 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్, అద్దెకు దొరికే అల్యూమినియం సిలిండర్, జాకెట్ బీసీడీ (గాలి నింపి తేలుడును సరిచేసుకునే తొడుగు), మునగడానికి పెట్టుకునే 6 కిలోల సీసంతో దిగుతున్నారు. ఇప్పుడు జాకెట్ వదిలి బ్యాక్‌ప్లేట్ (వీపుకు కట్టుకునే లోహపు ప్లేటు), వింగ్ (ఆ ప్లేటుకూ సిలిండర్‌కూ మధ్య ఉండే గాలి సంచి)లకు మారాలనుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఒకరు 60 పౌండ్ల లిఫ్ట్ (నీటిలో పైకి ఎత్తే బలం) ఉన్న వాడిన వింగ్‌ను చవకగా ఇస్తామంటున్నారు. లిఫ్ట్ ఎంత ఎక్కువ ఉంటే భద్రత అంత ఎక్కువ కదా, తీసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

తీసుకోవద్దు. ఉచితంగా ఇచ్చినా మీకు అది పనికిరాదు. 60 పౌండ్లంటే 27 కిలోల లిఫ్ట్, అది జంట సిలిండర్ల కోసం తయారైన వింగ్. మీకు కావలసింది ఒకే సిలిండర్‌కు సరిపడే ఇరుకైన డోనట్ ఆకారపు, అంటే వలయంలాంటి వింగ్. లిఫ్ట్ 25 నుంచి 30 పౌండ్లు, అంటే 11 నుంచి 14 కిలోల మధ్య ఉంటే చాలు. దానికి అల్యూమినియం ప్లేటు, మెత్తలు లేని ఒకే పట్టీ హార్నెస్ (సెట్‌ను ఒంటికి కట్టుకునే పట్టీ) జత చేయండి. ఇంతకు మించి చదివే తీరిక లేకపోతే ఇక్కడితో ఆగినా మీరు పెద్దగా నష్టపోరు. కారణాలు తెలుసుకోవాలంటే మాత్రం ముందుకు చదవండి, ఎందుకంటే ఈ లెక్క మీకు మీరే వేసుకోగలిగితే రేపు సూట్ మారినా, సిలిండర్ మారినా ఎవరినీ అడగవలసిన అవసరం ఉండదు.

నాది హనుమకొండ. తొమ్మిదేళ్లు అండమాన్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి తిరిగి వచ్చాను. ఇప్పుడు ఏటా రెండు మూడు చిన్న బృందాలను అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కో, కర్ణాటక తీరంలోని నేత్రాణికో తీసుకువెళ్తుంటాను, మిగతా కాలంలో మా వాళ్ల పరికరాలు బాగుచేస్తుంటాను. కింద రాసేది ఆ పనిలో చేతికి తగిలిన విషయమే.

మొదట లిఫ్ట్ లెక్క చూద్దాం. వింగ్ ఉన్నది మిమ్మల్ని పైకి లాక్కురావడానికి కాదు. పైకి వచ్చేది మీ కాళ్లతో, మీ ఊపిరితో. డైవ్‌లో మారుతూ ఉండే కొద్దిపాటి బరువును సరిచేయడమే వింగ్ పని. ఆ మారే బరువు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి సిలిండర్‌లోని గాలి. 11.1 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడికి గాలి నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. లీటరు గాలి దాదాపు 1.2 గ్రాములు తూగుతుంది కనుక మొత్తం 2.7 కిలోలు. గాలికి బరువేమిటని నా దగ్గర నేర్చుకునేవాళ్లు చాలామంది నవ్వుతారు, కానీ నిండు సిలిండర్‌ను, ఖాళీ సిలిండర్‌ను కాటా మీద పెట్టి చూపిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. అందుకే అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు నీటిలో మునుగుతుంది, ఖాళీ కాగానే రెండు కిలోల మేర తేలడం మొదలుపెడుతుంది. రెండోది వెట్‌సూట్. అందులోని రబ్బరు నురుగు లోతుకు వెళ్లేకొద్దీ నలిగిపోతుంది. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం కంటే నాలుగు రెట్లు కనుక సూట్ తన తేలే గుణాన్ని సగానికి పైగా పోగొట్టుకుంటుంది. మీ 3 మిల్లీమీటర్ల సూట్‌కు మొత్తంగా ఉన్నదే రెండు కిలోల తేలుడు అనుకుంటే, అందులో కిలోన్నర పోయిందని గట్టిగా లెక్కేసుకోండి.

రెండూ కలిపితే 4.2 కిలోలు. అంటే సీసం సరిగ్గా పెట్టుకున్న మీలాంటి డైవర్‌కు, డైవ్ మొదట్లో, అత్యంత లోతులో, వింగ్ నుంచి కావలసింది నాలుగు కిలోల చిల్లర మాత్రమే. ఉపరితలంలో తల నీటి పైన ఉంచుకోవడానికి కొంత అదనంగా కావాలి. మనిషి తల బరువు నాలుగైదు కిలోలు, దానికి గాలి బరువు కలిపితే ఏడున్నర దాకా వస్తుంది. ఇంకొక పరీక్ష కూడా ఉంది. మీరు ఒంటి మీది సెట్ మొత్తాన్ని విప్పి నీటిలో వదిలితే అది తనంతట తాను తేలాలి, ఎందుకంటే చిన్న పడవల్లోకి ఎక్కేటప్పుడు సెట్ విప్పి పైకి అందించడం మన దగ్గర మామూలే. స్టీల్ ప్లేటు నీటిలో 2.3 కిలోలు, నిండు సిలిండర్ అర కిలో పైచిలుకు, గాలి పీల్చుకునే రెగ్యులేటర్ కిలోన్నర, బకిల్స్, రింగులు అర కిలో, సిలిండర్ పట్టీకి తగిలించిన సీసం రెండు కిలోలు అనుకున్నా మొత్తం ఏడు కిలోల లోపే. ఏ దారిన లెక్క వేసినా ఎనిమిది దాటడం లేదు. మరి 13 కిలోల వింగ్‌లో మీకు ఐదు కిలోల మిగులు ఉంది. 27 కిలోల వింగ్‌ను ఏం చేసుకుంటారు?

దీనికి మీరు, మిగులు ఉంటే పోయేదేముంది, ఎక్కువ నింపకుండా ఉంటే సరిపోతుంది కదా అనవచ్చు. ఇక్కడే నేను గట్టిగా విభేదిస్తాను. జంట సిలిండర్ల వింగ్ వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే దాని రెక్కలు రెండు సిలిండర్ల పక్క నుంచి బయటికి రావాలి. దానిని ఒకే సిలిండర్‌కు కట్టి కొద్దిగా గాలి నింపితే ఆ రెక్కలు రెండూ పైకి లేచి, పుల్కాను మడిచి పట్టుకున్నట్టు సిలిండర్ చుట్టూ చుట్టుకుంటాయి. గాలి ఆ మడతల్లో చిక్కుతుంది. మీరు గాలి వదిలే డంప్ వాల్వ్ లాగుతారు, వాల్వ్ దగ్గర గాలి ఉండదు, గాలి ఉన్నచోట వాల్వ్ ఉండదు. పైకి వస్తున్నకొద్దీ ఆ చిక్కిన గాలే వ్యాకోచిస్తుంది. 10 మీటర్ల లోతులో మూడు లీటర్లున్నది ఉపరితలానికి ఆరు లీటర్లు అవుతుంది. చివరి పది మీటర్లలోనే పరిమాణం రెట్టింపు కావడం వల్ల ప్రమాదమంతా అక్కడే కూర్చుని ఉంటుంది.

2016లో, అప్పటి నీల్ ద్వీపం దగ్గర నా బృందంలోకి వచ్చిన ఒకాయన సరిగ్గా ఇటువంటి వింగే సొంతంగా తెచ్చుకున్నారు. నేను అద్దె జాకెట్ ఇస్తానన్నాను, ఆయన వద్దన్నారు, నేనూ మొహమాటానికి పోయి ఊరుకున్నాను. ఆ తప్పు నాదే. 14 మీటర్ల నుంచి మెల్లగా పైకి వస్తుండగా ఆయన ఎడమ వైపు వాల్వ్ తాడు లాగుతూనే ఉన్నారు, కుడి వైపు రెక్క మాత్రం బుడగలా ఉబ్బి ఉంది. ఐదు మీటర్ల దగ్గర ఆగవలసిన మనిషి ఆగలేక ఉపరితలానికి తేలిపోయారు. దేవుని దయ వల్ల ఏమీ కాలేదు, కానీ ఆ రోజు మిగిలిన డైవ్ రద్దు చేసి సాయంత్రం దాకా ఆయనను కనిపెట్టుకుని ఉండవలసి వచ్చింది. వింగ్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఉప్పు పట్టి ఇరుక్కుపోయి గాలి దానంతట అదే నిండుతూ పోయిందనుకోండి, అప్పుడు కూడా ఇదే కథ. 13 కిలోల వింగ్ నిండగానే అదనపు గాలి ఓవర్ ప్రెషర్ వాల్వ్ గుండా పోతుంది, మిమ్మల్ని పైకి నెట్టే బలం అక్కడితో ఆగుతుంది. 27 కిలోల వింగ్ దానికి రెట్టింపు బలంతో నెడుతుంది. అవసరానికి మించిన లిఫ్ట్ భద్రత కాదు, అదుపు తప్పే అవకాశం.

పెద్ద వింగ్ ఉంటే నీటిలో పడినవి ఎత్తుకురావచ్చని కూడా ఒకరు నాతో వాదించారు. 2021లో కరీంనగర్ దగ్గర నీళ్లు నిండిన ఒక పాత గ్రానైట్ క్వారీలో యజమాని అడిగితే మునిగిపోయిన పంపు సెట్ తీయడానికి దిగాను. చేయి చాపితే చేయి కనబడని నీరు, అడుగున కదిపితే లేచే బురద. అలాంటి పనికి వేరే లిఫ్ట్ బ్యాగు ఉంటుంది, దానిని వస్తువుకు కట్టి, అది పైకి వెళ్తుంటే మనం పక్కకు తప్పుకుంటాం. వస్తువును చేతబట్టుకుని వింగ్ నింపి పైకి వచ్చేవాడి చేతిలోంచి అది జారితే, ఆ క్షణాన అతని వింగ్‌లో ఇరవై కిలోలను ఎత్తగల గాలి మిగిలి ఉంటుంది. ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ క్వారీలోనే నాకు మంచినీటి లెక్క కూడా మళ్లీ గుర్తుకొచ్చింది. అలవాటు కొద్దీ సముద్రంలో పెట్టుకునే సీసమే పెట్టుకుని దిగి, అడుగుకు బండరాయిలా పోయాను. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువైనది. మనిషి, సామగ్రి కలిపి వంద కిలోలనుకుంటే మంచినీటిలో రెండున్నర కిలోల సీసం తగ్గించాలి. కాబట్టి ఇక్కడి ఈత కొలనులో కుదిరిన బరువు సముద్రంలో కుదరదు, అక్కడిది ఇక్కడ కుదరదు. రెండూ వేర్వేరుగా పుస్తకంలో రాసిపెట్టుకోండి.

కొత్త వింగ్‌ను మొదట ఎక్కడ పరీక్షించాలన్నది మీరు అడగలేదు కానీ, మన ప్రాంతం వాళ్లు కనుక చెబుతున్నాను. ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని, కొలనులోనే పరీక్షించండి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు చూడముచ్చటగా ఉంటాయి, కాకతీయుల కాలం నుంచి నీళ్లిస్తున్నాయి, కానీ వాటికి తూములు ఉంటాయి. తెరిచి ఉన్న తూము దగ్గర నీటి లాగుడుకు చిక్కిన మనిషిని ఏ వింగూ బయటికి తీయలేదు.

ఇక ఆకారం. వింగ్‌లు డోనట్, హార్స్‌షూ అని రెండు రకాలు. డోనట్‌లో గాలి చుట్టూ తిరుగుతుంది, కింది భాగంలో రెండు వైపులా కలిసి ఉంటాయి. హార్స్‌షూ గుర్రపు నాడాలా అడుగున విడిపోయి ఉంటుంది కనుక, కుడి వైపు గాలిని ఎడమ వాల్వ్‌కు తేవాలంటే శరీరాన్ని పక్కకు వంచవలసి ఉంటుంది. అనుభవజ్ఞులకు అది ఇబ్బంది కాదు, 28 డైవుల దగ్గర ఉన్నవారికి డోనట్ సులువు. కొన్ని వింగ్‌లకు అంచుల వెంట రబ్బరు తాళ్లు బిగించి ఉంటాయి. అవి చూడటానికి ముచ్చటగా చుట్టుకుని కనబడతాయి, కానీ చిల్లు పడినప్పుడు ఆ తాళ్లే గాలిని వేగంగా బయటికి నెడతాయి, నోటితో ఊది నింపడం కూడా కష్టమవుతుంది. నేను వాటిని సిఫారసు చేయను.

జాకెట్ నుంచి వింగ్‌కు మారినవాళ్లందరూ మొదటి రోజు చేసే ఒకే ఫిర్యాదు, ఉపరితలంలో ముఖం ముందుకు నెట్టుతోందని. మా తరం పిల్లలు వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకున్నది వీపుకు బెండ్లో, ఎండిన ఆనపకాయ బుర్రో కట్టుకునే. బుర్ర మరీ పెద్దదైతే మొహం నీళ్లలోకి వంగిపోయేది, చిన్నదైతే హాయిగా ఉండేది. వింగ్‌లోనూ అంతే. గాలి వీపు వెనక ఉంటుంది కనుక పూర్తిగా ఉబ్బించకండి, గడ్డం నీటిపైన ఉండేంత మాత్రమే నింపి, కుర్చీలో వెనక్కి ఒరిగినట్టు ఒరగండి. రెండో రోజుకు ఆ ఫిర్యాదు ఉండదు. అయితే ఒక మాట మరవకండి, బీసీడీ ఏ రకానిదైనా స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని పైకి తిప్పి ఉంచే లైఫ్ జాకెట్ కాదు. నీటి అడుగున మాత్రం వీపు మీది గాలి, దాని కింద ప్లేటు బరువు కలిసి శరీరాన్ని బల్లపరుపుగా నిలుపుతాయి, మీరు మారాలనుకోవడానికి అసలు కారణం అదే అయి ఉండాలి.

ప్లేటు విషయంలో నా అభిప్రాయం మీ ప్రయాణాన్ని బట్టి ఉంటుంది. 3 మిల్లీమీటర్ల మందం స్టీల్ ప్లేటు సుమారు 2.7 కిలోలు, అల్యూమినియం ప్లేటు కిలోకు కొంచెం తక్కువ. మీరు పెట్టుకుంటున్న 6 కిలోల సీసంలో సుమారు ఒక కిలో మీ జాకెట్‌లోని మెత్తలను ముంచడానికే ఖర్చవుతోంది. వింగ్‌కు మారగానే అది పోతుంది. స్టీల్ ప్లేటు పెడితే ఇంకో 2.3 తగ్గి, మూడు కిలోల లోపు సీసం చాలు. అల్యూమినియం అయితే నాలుగున్నర దాకా కావాలి. నీటిలో స్టీల్ నిజంగానే బాగుంటుంది, ఊపిరితిత్తుల వెనక బరువు సమంగా పడుతుంది, నడుము బెల్ట్ తేలికవుతుంది. కానీ మీరు విమానంలో అండమాన్ వెళ్తారు. దేశీయ విమానాల్లో సాధారణంగా అనుమతించే 15 కిలోల సామానులో దాదాపు రెండు కిలోలు ఇనుముకు అప్పగించి, పడవ మీద అడిగితే ఇచ్చే సీసాన్ని వదిలేయడం నాకు తెలివైన పనిగా తోచదు. వరంగల్‌లో రైలెక్కి విశాఖపట్నం వెళ్లి దిగేవారైతే స్టీల్ తీసుకోమనేవాణ్ణి. నా దగ్గర రెండూ ఉన్నాయి, స్టీల్ ప్లేటు ఏడాదిలో పది నెలలు గోడకే వేలాడుతుంటుంది.

ఏ ప్లేటు కొన్నా ఏ వింగైనా దానికి సరిపోతుందా అనే అనుమానం పెట్టుకోకండి. బోల్టు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలు, దాదాపు అన్ని కంపెనీలూ ఇదే కొలత పాటిస్తాయి. ప్లేటుకు రెండు పొడవాటి చీలికలు ఉంటే సిలిండర్ పట్టీలు నేరుగా వాటి గుండా వెళ్తాయి, వేరే అడాప్టర్ అక్కరలేదు. వింగ్‌కు కూడా ఆ చీలికలు ఉన్నాయో లేదో కొనేముందు చూసుకోండి.

హార్నెస్ సంగతి త్వరగా ముగిస్తాను. రెండు అంగుళాల వెడల్పు నైలాన్ పట్టీ ఒకటే ముక్కగా భుజాల మీదుగా నడుముకు వచ్చి, ఒకే బకిల్‌తో ముగుస్తుంది, కాళ్ల మధ్య నుంచి ఇంకో పట్టీ. ఫ్లోరిడా గుహల్లో డైవ్ చేసిన విలియం హోగార్త్ మెయిన్ పేరు మీద దీనిని హోగార్తియన్ పద్ధతి అంటారు. తెగే ప్లాస్టిక్ బకిల్స్ లేకపోవడమే దాని గొప్ప. సూట్ వేసుకున్నాక భుజం పట్టీ కింద పిడికిలి సులువుగా దూరేంత వదులు ఉంచండి. మొదట్లో అందరూ మరీ బిగిస్తారు, తరువాత విప్పలేక పడవలో పక్కవాళ్లను పిలుస్తారు.

దీనికంటే ఎక్కువ ఆలోచించవలసింది వింగ్ నిర్మాణం గురించి. కొన్ని వింగ్‌లు ఒకే పొరతో వస్తాయి. తేలికగా ఉంటాయి, త్వరగా ఆరిపోతాయి, విమాన ప్రయాణానికి బాగుంటాయి. మరికొన్నిటికి బయట మందపాటి నైలాన్ కవరు, లోపల గాలి నిలిచే పాలీయురేథేన్ బ్లాడర్, మధ్యలో జిప్ ఉంటాయి. మీకు రెండో రకమే చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లలో దీనికి సర్వీస్ సెంటర్ లేదు. జిప్ తెరిచి బ్లాడర్ బయటికి తీయగలిగితే చిల్లును మీరే వెతుక్కోవచ్చు, అతికించుకోవచ్చు, మరీ పాడైతే బ్లాడర్ ఒక్కటే తెప్పించుకోవచ్చు. ప్లేటుకూ సిలిండర్‌కూ మధ్య బ్లాడర్ మడత నలిగి చిల్లు పడటం తరచుగా చూస్తాను, కాబట్టి సిలిండర్ బిగించే ముందు ఆ మడతను వేలితో సర్దండి. వరంగల్‌లో ఒక మిత్రుడు చిల్లుపడిన బ్లాడర్‌ను సైకిల్ పంక్చర్ షాపులో అతికించుకుని వచ్చాడు. ట్యూబుకు వాడే రబ్బరు సొల్యూషన్ ఈ పదార్థానికి అంటుకోదు, ఒక్క డైవ్‌కే ఊడిపోయింది. దీనికి యురేథేన్ జిగురు కావాలి, రాసిన తరువాత పూర్తిగా ఆరేదాకా ఓపిక పట్టాలి. అయితే చిల్లు వెతకడంలో మాత్రం పంక్చర్ షాపువాడిదే సరైన పద్ధతి. గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూడటమే.

వాడిన వింగ్ కొనడం తప్పు కాదు, 30 పౌండ్లది దొరికితే తప్పక చూడండి. చేతికి తీసుకున్నాక గట్టిగా నింపి రాత్రంతా వదిలేయండి, పొద్దున్నే అంతే గట్టిగా ఉండాలి. ఇంకా నింపుతూ పోతే ఓవర్ ప్రెషర్ వాల్వ్ తనంతట తాను గాలి వదలాలి, వదిలి మళ్లీ మూసుకోవాలి. వాల్వ్ తాడు లాగి విడిచి చూడండి. ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదిలితే వెంటనే వెనక్కి రావాలి, బద్ధకంగా వస్తే లోపల ఉప్పు ఉంది, సర్వీస్ చేయించేదాకా నీటిలోకి తీసుకెళ్లవద్దు. ముడతల గొట్టాన్ని లాగి ప్రతి మడత మధ్యలో పగుళ్లు చూడండి, గొట్టం అంచుల దగ్గర కట్టిన టై తీగలను కూడా పట్టి చూడండి. లోపల మంచినీళ్లు పోసి కుదిపి వంపితే పచ్చని నీళ్లో, కుళ్లు వాసనో వస్తే, అమ్మేవాడు డైవ్ తరువాత దానిని ఒక్కసారి కూడా లోపల కడగలేదన్నమాట.

కొనేముందు ఒక పని చేయండి. వచ్చే ప్రయాణంలో మీ ఇన్‌స్ట్రక్టర్‌తో చెప్పి డైవ్ చివర, 50 బార్ మిగిలినప్పుడు, ఐదు మీటర్ల దగ్గర, జాకెట్‌లో గాలి పూర్తిగా తీసేసి నిలబడగలుగుతున్నారో లేదో చూసుకోండి. మునిగిపోతుంటే మీ 6 కిలోలు ఎక్కువ, ఆ ఎక్కువను కప్పిపుచ్చడానికే మీ జాకెట్‌లో ఇంతకాలం గాలి నింపుతూ వచ్చారు. చాలామందికి ఇక్కడే ఒకటి రెండు కిలోలు రాలిపోతాయి. ఆ అంకెతో పాటు మీ ఎత్తు, నడుము కొలత ఇక్కడ రాయండి, పట్టీ ఎంత పొడవు తెప్పించుకోవాలో, సీసం ఎక్కడ తగిలించుకోవాలో అప్పుడు చెబుతాను.